మాటల వైద్యానికి పేరు పెట్టింది రోగే

మానసిక చికిత్స చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఒక విషయం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పుస్తకాల్లో పేర్లన్నీ డాక్టర్లవే. ఆ డాక్టర్లకు వినడం నేర్పింది మాత్రం రోగులు. మొదట్లో ఎక్కువగా ఆడవాళ్లు. ఆ తర్వాత, ఎవరిని ప్రేమించారన్న ఒక్క కారణానికి రోగులుగా ముద్రపడినవాళ్లు.

బెర్తా పాపెన్‌హైమ్ సంగతే చూడండి. 1859లో వియన్నాలో ఓ సంపన్న యూదు కుటుంబంలో పుట్టింది. పదహారేళ్లకే ఆమె చదువు ఆగిపోయింది. తమ్ముడు మాత్రం యూనివర్సిటీకి వెళ్లాడు. 1880లో జబ్బుపడిన తండ్రికి సేవలు చేస్తూ చేస్తూ తనే మంచం పట్టింది. చేయి పడిపోయింది, చూపు దెబ్బతింది. కొన్నాళ్లపాటు మాతృభాష జర్మన్ నోటికి రాక ఇంగ్లీషులోనే మాట్లాడింది. దానికి డాక్టర్లు పెట్టిన పేరు హిస్టీరియా. గర్భసంచికి గ్రీకు భాషలో ఉన్న మాట నుంచి వచ్చిన పేరది. అంటే, ఆడదానికి ఏమైనా కారణం ఆమె ఒంట్లోనే ఉండాలన్నమాట!

జోసెఫ్ బ్రాయర్ అనే డాక్టర్ ఆమె చెప్పేది కూర్చుని విన్నాడు. చెప్పినకొద్దీ ఆమెకు తేలికయ్యేది. దీన్ని ‘మాటల వైద్యం’ అని ఇంగ్లీషులో పిలిచింది ఆమే. సరదాగా పొగగొట్టం ఊడవడం అని కూడా అనేది. 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి వేసిన పుస్తకంలో ఆమె ‘అన్నా ఓ’గా మారింది. ఆమెకు నయమైపోయినట్టే అందులో కనిపిస్తుంది. నిజానికి 1882 తర్వాత కూడా ఆమె పలుమార్లు శానిటోరియంలో ఉండాల్సివచ్చింది.

పుస్తకంలో లేని కథ తర్వాతిది. ఫ్రాంక్‌ఫర్ట్ చేరాక ఆమె అనాథ పిల్లల మధ్య పని మొదలుపెట్టింది. మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీల హక్కుల గురించి రాసిన పుస్తకాన్ని 1899లో జర్మన్‌లోకి అనువదించింది. 1904లో యూదు స్త్రీల సంఘం స్థాపించింది. 1907లో పెళ్లికాని తల్లులకూ, దిక్కులేని ఆడపిల్లలకూ ఆశ్రయం కట్టింది. ఆమె జబ్బు మూలం గర్భసంచిలో కాదు, ఆమె ముందు మూసేసిన తలుపుల్లో ఉందని నాకనిపిస్తుంది.

మనకిది కొత్త కథేం కాదు. పిల్ల దిగులుగా ఉంటే “పెళ్లి చేస్తే అదే కుదురుకుంటుంది” అనే మాట వినని ఇల్లుందా? పాతకాలపు యూరప్ వైద్యులు కూడా హిస్టీరియాకి పెళ్లినే మందుగా చెప్పేవారు. పెళ్లయ్యాక భార్యాభర్తల కౌన్సెలింగ్ పేరుతో మన ఆడవాళ్లకు దొరికేది “సర్దుకుపోమ్మా” అన్న సలహా. సర్దుకోవాల్సింది ఎప్పుడూ ఒకరే అయినప్పుడు దాన్ని చికిత్స అనవచ్చా?

ఈ ప్రశ్నకు 1970లో అమెరికాలో లెక్కలతో జవాబు దొరికింది. ఇంగె బ్రోవర్మన్, ఆమె సహచరులు 79 మంది మానసిక వైద్య నిపుణులను అడిగారు: ఆరోగ్యవంతుడైన మగవాడు ఎలా ఉంటాడు? ఆరోగ్యవంతురాలైన స్త్రీ ఎలా ఉంటుంది? ఆడా మగా అని చెప్పకుండా, ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎలా ఉంటారు? ‘మగవాడి’కీ ‘మనిషి’కీ చెప్పిన లక్షణాలు దాదాపు ఒకటే. స్త్రీకి చెప్పినవి మాత్రం వేరు. అంటే మంచి స్త్రీ అనిపించుకుంటే పూర్తి మనిషి కాదు, పూర్తి మనిషయితే మంచి స్త్రీ కాదు! 1972లో ఫిలిస్ చెస్లర్ రాసిన ‘విమెన్ అండ్ మ్యాడ్‌నెస్’ ఈ ఉచ్చునే బయటపెట్టింది.

అదే కాలంలో స్వలింగ ప్రేమికులు మరో తలుపు తట్టారు. అప్పట్లో అమెరికా మానసిక వైద్యుల జాబితాలో స్వలింగ ప్రేమ ఒక జబ్బు. లాస్ ఏంజెలెస్‌లో ఎవలిన్ హుకర్ అనే సైకాలజిస్టుకు ఆమె విద్యార్థి ఒకరు చెప్పారు, మా మీద పరిశోధన చేయండని. ఆమె 30 మంది స్వలింగ ప్రేమికులకూ, 30 మంది ఇతర మగవాళ్లకూ పరీక్షలు పెట్టింది. ఏ ఫలితం ఎవరిదో నిపుణులు పోల్చుకోలేకపోయారు. ఈ పరిశోధన 1957లో అచ్చయింది. 1972లో డల్లాస్ మహాసభలో జాన్ ఫ్రయర్ అనే సైకియాట్రిస్టు ముఖానికి మాస్కు వేసుకుని, గొంతు మార్చి, తను కూడా స్వలింగ ప్రేమికుడినేనని చెప్పాడు. 1973 డిసెంబరులో ఆ జబ్బును జాబితా నుంచి తీసేశారు. మనిషిని మార్చడానికి కాక, ఉన్నదున్నట్టు ఒప్పుకుని, లోకం చేసిన గాయాన్ని మాన్పడానికి పనిచేసే అఫర్మేటివ్ థెరపీ ఆ తర్వాతే రూపుదిద్దుకుంది.

మన దగ్గర? నేను పాఠాలు చెప్పిన కాలేజీలో ఇంటర్ చదివే ఒక అమ్మాయి, తన స్నేహితురాలిని ప్రేమిస్తున్నానని ఇంట్లో చెప్పింది. వెంటనే ఓ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన తల్లిదండ్రులతో అరగంట మాట్లాడాడు, ఆ పిల్లతో ఐదు నిమిషాలు. “నా గురించి నన్నే అడగలేదు మేడమ్” అంది నాతో. నాకు బెర్తా గుర్తొచ్చింది. ఆమె మాటలైనా ఒక డాక్టరు విన్నాడు.

చట్టం మాత్రం కదిలింది. సమాజపు నీతికి తలవంచలేదన్న కారణంతో ఎవరికీ మానసిక రోగి అని ముద్ర వేయకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. 2018లో సుప్రీంకోర్టు స్వలింగ ప్రేమను నేరం కాదంది. 2021లో మధురై నుంచి చెన్నైకి పారిపోయి వచ్చిన ఇద్దరు యువతులు రక్షణ కోరినప్పుడు, మద్రాస్ హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ తీర్పు రాసేముందు తనే ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని ఈ విషయం నేర్చుకున్నారు. ‘నయం చేసే’ ప్రయత్నాలను నిషేధించాలని ఆదేశించారు. 2022లో జాతీయ వైద్య కమిషన్ అలాంటి చికిత్సను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది.

కాబట్టి మీ ఇంటి పిల్లను కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లాల్సివస్తే, ముందు రెండు ప్రశ్నలడగండి. పిల్లతో ఒంటరిగా మాట్లాడతారా? ఆమె చెప్పింది ఆమెను అడక్కుండా మాకు చెబుతారా? మొదటిదానికి అవుననీ, ప్రాణాపాయం ఉంటే తప్ప రెండోదానికి కాదనీ జవాబు రాకపోతే, పిల్లను తీసుకుని బయటికి వచ్చేయండి.