మన్యంలో కాఫీ మొక్క: కూలి నుంచి హక్కు దాకా

ఇటుకల పండుగ రోజుల్లో పాడేరు, చింతపల్లి, అరకు, అనంతగిరి కొండల మీద ఒక మంచి వాన పడితే చాలు, తొమ్మిది పది రోజులకు కాఫీ తోటలు తెల్లబడతాయి. కొమ్మ పొడవునా ఆకుల మొదళ్లలో గుత్తులుగా పూలు విచ్చుకుంటాయి. మల్లెల్లాంటి వాసన. రెండు మూడు రోజుల్లో వాడిపోతాయి. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాం కాబట్టి ఇది మన అడవి మొక్కే అనుకుంటాం. నిజానికి ఇది దూరం నుంచి వచ్చింది. అది మనదైన తీరు మన యువత తెలుసుకోవాలి.

మనం పండించే అరబికా రకం పుట్టిల్లు ఆఫ్రికాలోని ఇథియోపియా కొండలు. నూరువరహాల మొక్కది, దీనిది ఒకే కుటుంబం. మన ప్రాంతానికి 1898లో, తూర్పు గోదావరి మన్యంలోని పాములేరు లోయకు, ఒక ఆంగ్లేయుడి ద్వారా వచ్చిందని చెబుతారు.

ఆ కాలం మనకు కష్టకాలం. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడుపై ఆంక్షలు బిగిశాయి. 1922-24లో అల్లూరి సీతారామరాజు వెంట గాము గంటందొర, మల్లుదొర వంటి మనవాళ్లు పోరాడింది ఆ అడవి కోసమే.

స్వాతంత్య్రం తర్వాత 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 1960ల నుంచి అటవీ శాఖ పెద్ద ఎత్తున కాఫీ తోటలు వేసింది. గుంతలు తవ్వింది, పళ్లు కోసింది మనవాళ్లే. కానీ తోట సర్కారుది, మనది కూలి మాత్రమే. తర్వాత ఐటీడీఏ, కాఫీ బోర్డు మన కొండవాలు భూముల్లోనే మొక్కలు వేయించడంతో కూలీలు రైతులయ్యారు. భూమి పరాయి చేతుల్లోకి పోకుండా 1/70 చట్టం, 1997 నాటి సమత తీర్పు అండగా నిలిచాయి. నేల మనదిగా నిలిచింది కాబట్టే మొక్క మనదైంది.

ఈ మొక్కకు నీడ కావాలి. అందుకే సిల్వర్ ఓక్ చెట్ల కింద పెంచుతాం, ఆ చెట్లకే మిరియాల పాదులు పాకిస్తాం. నర్సరీలో పెంచిన నారును తొలకరి వానలకు ఆరేసి అడుగుల ఎడంలో నాటుతాం. కాపుకు మూడు నాలుగేళ్లు పడుతుంది. పూసిన ఎనిమిది తొమ్మిది నెలలకు పళ్లు ఎరుపెక్కుతాయి. నవంబరు నుంచి కోత. ఎర్రటి పండునే ఏరాలి. పచ్చికాయ కలిస్తే రుచీ పోతుంది, ధరా పోతుంది. తొక్క తీసి, కడిగి, ఎండబెట్టి, పైపొర ఒలిస్తే గింజ వస్తుంది. సుమారు అయిదారు కిలోల పండుకు కిలో గింజలు. తొక్కలు కుళ్లబెడితే తోటకే ఎరువు.

2017లో పారిస్ నగరంలో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరుచుకుంది. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అయినా మనలో చాలామంది అవసరానికి అప్పు చేసి, పండును పండుగానే సంతలో షావుకారుకు తూచి ఇస్తున్నారు. 2025లో అరకు మండలంలో కాయతొలుచు పురుగు కనబడింది. ఆ పురుగు ఆశించిన పళ్లను తోటలోనే వదిలేస్తే అది పక్క తోటలకూ పాకుతుంది.

యువతీ యువకులారా, చదువుకోండి, ఉద్యోగాలు చేయండి. తోటను మాత్రం మరవకండి. గింజ తీయడం, వేయించడం, రుచి చూసి నాణ్యత చెప్పడం, లెక్క రాయడం నేర్చుకోండి. భూమి పత్రాలు ఎవరి పేరున ఉన్నాయో ఇంట్లో అడగండి. తాతలు కూలికి నాటారు, అమ్మానాన్నలు హక్కుతో పండించారు. ఆ పంటకు ధర చెప్పే గొంతు మీది కావాలి.