వాసన, రుచి, వినికిడి పోతే: దేనికి ఓపిక కావాలి, దేనికి తొందర కావాలి?

బిర్యానీ దమ్ము తీసినా వాసన రావడం లేదనే పెద్దాయన, టీవీ సౌండ్ పెంచుకుంటూ పోయే దాదీ, రెండేళ్ళు నిండినా ‘అమ్మీ’ అనని పిల్లాడు. ఈ ముగ్గురికీ మన ఇళ్ళలో ఒకటే మాట చెబుతుంటాం: ‘అదే వస్తుందిలే, చూద్దాం.’ పెద్దాయన విషయంలో ఈ మాట కొంతవరకు నిజమే. దాదీ, పిల్లాడి విషయంలో మాత్రం ఈ మాటే నష్టం చేస్తుంది. తేడా ఎక్కడుందో గత నలభై ఏళ్ళ పరిశోధన బాగానే తేల్చింది.

ముందు ముక్కు సంగతి. ముక్కు లోపల పైభాగాన చిన్న పొర ఉంటుంది. వాసన పట్టే నాడీకణాలు అందులోనే ఉంటాయి. వాటిమీద ఉండే గ్రాహకాల జన్యువులను అమెరికా శాస్త్రవేత్తలు రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్ 1991లో బయటపెట్టారు. 2004లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. మనిషిలో పనిచేసే గ్రాహకాలు సుమారు 400 రకాలు. ఒక్కో వాసన వీటిలో కొన్నింటిని కలిపి మీటుతుంది, అందుకే గులాబీ అత్తరుకీ మల్లె అత్తరుకీ తేడా మనకు ఇట్టే తెలిసిపోతుంది. అసలు విశేషం ఇంకొకటి. ఈ నాడీకణాలు పాతవి పోతుంటే కొత్తవి పుడుతూనే ఉంటాయి. మన ఒంట్లో నాడీకణాలకు ఇలాంటి అవకాశం చాలా అరుదు.

కోవిడ్‌లో వాసన పోయినవాళ్ళలో ఎక్కువమందికి కొన్ని వారాల్లోనే తిరిగి రావడానికి ఇదొక కారణం. ఇంకో కారణం కూడా ఉంది. వైరస్ ముఖ్యంగా వాసన కణాల మీద కాదు, వాటికి ఆసరాగా ఉండే పక్క కణాల మీద దాడి చేస్తుందని 2020లో హార్వర్డ్ పరిశోధకులు చూపించారు. ఇంటి గోడ నిలబడే ఉంది, చుట్టూ వేసిన కర్రలు పడిపోయాయి అన్నట్టు. అయినా కొందరికి నెలలు గడిచినా రాలేదు. మరికొందరికి వచ్చింది కానీ వంకరగా వచ్చింది: కాఫీ మాడు కంపు, వేయించిన ఉల్లిపాయ మురుగు కంపు. ఇది భయపెడుతుంది గానీ చాలాసార్లు కణాలు తిరిగి కుదురుకుంటున్నాయనడానికి గుర్తే.

దీనికి ఇంట్లోనే చేసుకోగల సాధన ఒకటుంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ బృందం 2009లో దాని ఫలితాలు ప్రచురించింది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం, ఈ నాలుగు వాసనల్ని పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పీల్చాలి. పన్నెండు వారాలు మానకుండా చేయాలి. ఏ వాసన పీలుస్తున్నామో దాన్ని మనసులో గుర్తు చేసుకుంటూ చేయాలి. ఇదేమీ మంత్రం కాదు, అందరికీ పనిచేయలేదు కూడా. కానీ చేయనివాళ్ళతో పోలిస్తే చేసినవాళ్ళలో ఎక్కువమందికి మెరుగైంది. ఖర్చు లేదు, ఈ నాలుగూ మన ఇళ్ళలో దొరికేవే. తలకు దెబ్బ తగిలాక వాసన పోయినా, ఒక్క ముక్కురంధ్రంలోనే పోయినా, ఏ జలుబూ లేకుండా మెల్లగా తగ్గుతూ పోయినా సాధనతో సరిపెట్టకండి, డాక్టరుకి చూపించాలి. పార్కిన్సన్స్ జబ్బు వణుకు మొదలవడానికి ఏళ్ళ ముందే వాసన తగ్గించడం ఉంది. అలాగని వాసన తగ్గిన ప్రతివాళ్ళకీ ఆ జబ్బు వస్తుందని కాదు.

ఈలోగా ఇంట్లో జాగ్రత్త ముఖ్యం. వంటగ్యాస్‌కి సొంత వాసన లేదు. లీకయితే తెలియాలని కంపు కొట్టే పదార్థం కలుపుతారు. వాసన తెలియని మనిషి ఒక్కరే వంట చేసే ఇంట్లో గ్యాస్ అలారం పెట్టించడం మంచిది.

ఇక రుచి. ‘నోటికి రుచి పోయింది’ అని వచ్చేవాళ్ళలో చాలామందికి నిజానికి పోయింది వాసన. నాలుక చెప్పేది తీపి, ఉప్పు, పులుపు, చేదు, మాంసపు రసంలో ఉండే ఉమామి, ఇంతే. హలీమ్‌ని హలీమ్‌గా నిలబెట్టేది నోటి వెనకనుంచి ముక్కులోకి వెళ్ళే ఆవిరి. నాలుక కొసన తీపి, వెనక చేదు అని బొమ్మ వేసి బడిలో చెప్పింది తప్పు, నాలుకంతా అన్ని రుచులూ తెలుస్తాయి. రుచి కణాలు కూడా రోజుల్లోనే మారిపోతుంటాయి కాబట్టి మందుల వల్ల పోయిన రుచి తరచూ తిరిగి వస్తుంది. పెద్దవాళ్ళు రుచి తెలియక ఉప్పు పెంచుకుంటూ పోతారు, బీపీ ఉన్న ఇంట్లో దాని మీద కన్నేయాలి.

చెవి దగ్గర కథ తిరగబడుతుంది. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియాలో పుట్టేటప్పుడు సుమారు 16,000 రోమకణాలు ఉంటాయి. అంతే, జీవితాంతం వాటితోనే. పోయినవి మళ్ళీ పుట్టవు. పక్షుల్లో మాత్రం పుడతాయని 1988లో తేలింది. కోడి చెవి చేసే పని మనిషి చెవి ఎందుకు చేయలేదన్న ప్రశ్న మీద అప్పటినుంచి పరిశోధన నడుస్తూనే ఉంది, మందు మాత్రం ఇంకా చేతికి రాలేదు.

అందుకే చెవి విషయంలో తొందర. రాత్రి బాగా పడుకుని పొద్దున లేచేసరికి ఒక చెవి వినపడకపోతే చాలామంది గులిమి అనుకుని నూనె పోస్తారు. అది అత్యవసరం. స్టెరాయిడ్ మందు మొదటి కొద్ది రోజుల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఆశ, రెండు వారాలు దాటితే అవకాశం బాగా తగ్గుతుంది.

పసిపిల్లల్లో ఇంకా తొందర. ఆరు నెలల లోపు చెవుడు కనిపెట్టి సాయం మొదలైన పిల్లలకు మాటలు స్పష్టంగా మెరుగ్గా వచ్చాయని అమెరికాలోని కొలరాడోలో 1998లో చూపించారు. నెలలోపు పరీక్ష, మూడు నెలలకి నిర్ధారణ, ఆరు నెలలకి చికిత్స అన్న లెక్క ఇప్పుడు చాలా దేశాల్లో పాటిస్తున్నారు. పళ్ళెం మోగిస్తే తల తిప్పాడు కాబట్టి వినపడుతోంది అనుకోకండి. నీడ కదిలినా, నేల అదిరినా పిల్లలు తిరుగుతారు. ఓఏఈ అనే పరీక్ష నిద్రపోతున్న బిడ్డకి నిమిషాల్లో అయిపోతుంది, నొప్పి ఉండదు.

పుట్టుచెవుడులో చాలా రకాలకు అమ్మానాన్నలిద్దరి నుంచీ అదే జన్యులోపం రావాలి. ఇద్దరికీ చెవులు బాగానే ఉండొచ్చు. మన రెండు రాష్ట్రాల్లో మేనరికమైనా, ఖాలా-మాము పిల్లల మధ్య షాదీ అయినా హిందూ ముస్లిం తేడా లేకుండా ఉన్నదే. దీంట్లో తల్లిని దెప్పడానికేమీ లేదు. దగ్గర చుట్టరికంలో పెళ్ళయిన ఇంట్లో పుట్టిన బిడ్డకు వినికిడి పరీక్ష తప్పక చేయించాలి, అంతే. ఓటోఫెర్లిన్ అనే ఒక జన్యువు లోపానికి షాంఘైలో చేసిన జన్యుచికిత్సలో ఆరుగురు పిల్లల్లో ఐదుగురికి వినికిడి వచ్చిందని 2024లో ప్రచురించారు. ఆశ కలిగించేదే, కానీ ఆ ఒక్క లోపానికే. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే బిడ్డ మాట నేర్చే వయసు దాటిపోతుంది.

పెద్దవాళ్ళ మెషీన్ సంగతి. వినికిడి యంత్రం పెడితే మతిమరుపు ఆగుతుందా అని అమెరికాలో చేసిన పెద్ద అధ్యయనం 2023లో వచ్చింది. మొత్తం మీద తేడా కనిపించలేదు. గుండెజబ్బు, షుగర్ లాంటి ముప్పులు ఎక్కువున్న వృద్ధుల్లో మాత్రం మూడేళ్ళలో ఆలోచనాశక్తి తగ్గే వేగం దాదాపు సగానికి పడింది. మతిమరుపు మాట పక్కన పెట్టినా, దావత్‌లో నలుగురి మధ్య కూర్చుని ఏమీ వినపడక నవ్వి ఊరుకునే దాదీకి ఆ మెషీన్ అవసరమే.

హైదరాబాద్‌లో కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ దవాఖానాలో వినికిడి పరీక్షలు చేస్తారు. మెషీన్‌తో సరిపోని చిన్నపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆరోగ్యశ్రీలో ఉంది, వయసు నిబంధన ఉంటుంది కాబట్టి ముందే అడగాలి. ఆపరేషన్ అయ్యాక ఏడాదికి పైగా స్పీచ్ థెరపీకి తీసుకెళ్ళాలి. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడే కుటుంబాలు ఆ సంగతి థెరపిస్టుకి మొదటిరోజే చెప్పాలి.