తెర చూపినా తీర్పు మారలేదు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో రీప్లే వివాదాల గురించి మాట్లాడాలంటే 2006 సెప్టెంబరు 16 నుంచే మొదలుపెట్టాలి. యూజీన్ పట్టణంలోని ఆట్‌జెన్ స్టేడియంలో ఒరెగాన్ మీద ఓక్లహోమా 33-27తో ముందుంది. ఆటకు మిగిలింది నిమిషం పైచిలుకు. ఒరెగాన్ ఆన్‌సైడ్ కిక్‌కు దిగింది. అంటే బంతిని దూరంగా తన్నకుండా, మళ్లీ తమకే చిక్కాలని దగ్గరలోనే పడేట్టు తన్నడం. అవతలి జట్టు తాకితే తప్ప, బంతి పది గజాలు వెళ్లేదాకా తన్నిన జట్టువాళ్లు దాన్ని ముట్టకూడదు. ఒరెగాన్ ఆటగాడు ముందే ముట్టేశాడు. పైగా బంతిని చేజిక్కించుకున్నది ఓక్లహోమా ఆటగాడు. టీవీ చూస్తున్నవాళ్లకు ఈ రెండూ స్పష్టంగానే కనిపించాయి. మైదానంలోని అధికారులు మాత్రం బంతి ఒరెగాన్‌దే అన్నారు. రీప్లే చూశాక కూడా ఆ మాటే నిలిచింది. ఒరెగాన్ 34-33తో గెలిచింది.

పొరపాటు జరిగిందని ఒరెగాన్ ఉన్న జట్ల కూటమి, పాక్-10 కాన్ఫరెన్స్, ఒప్పుకుంది. మైదానంలోని అధికారులనూ రీప్లే అధికారినీ ఒక మ్యాచ్‌కు పక్కన పెట్టింది. ఈ ఆటను రికార్డుల్లోంచే తీసేయాలని ఓక్లహోమా విశ్వవిద్యాలయ అధ్యక్షుడు డేవిడ్ బోరెన్ పట్టుబట్టారు. ఫలితం మారలేదు. ఆ రీప్లే అధికారికి మాత్రం ఇంటికే బెదిరింపు ఫోన్లు వచ్చాయి. ఆటలో జరిగిన తప్పుకు ఒక మనిషి ప్రాణభయంతో బతకాల్సి రావడం ఏ అభిమానానికీ గౌరవం కాదు.

అసలు ఈ ఆటలో దృశ్యసాక్ష్యం కొత్తదేమీ కాదు. 1940 నవంబరులో డార్ట్‌మత్ మీద కార్నెల్ జట్టు చివరి క్షణాల్లో బంతిని అవతలి కొసకు చేర్చి (టచ్‌డౌన్ చేసి) 7-3తో గెలిచింది. తర్వాత ఫిలిం వేసి చూస్తే, నాలుగు ప్రయత్నాలకే హక్కున్న కార్నెల్‌కు రిఫరీ లెక్క తప్పి అయిదోది ఇచ్చినట్టు తేలింది. కార్నెల్ తనంతట తానే టెలిగ్రాం పంపి విజయాన్ని వదులుకుంది. రికార్డుల్లో డార్ట్‌మత్ 3-0తో గెలిచినట్టే ఉంది. సరిగ్గా యాభై ఏళ్లకు, 1990లో, కొలరాడోకు కూడా మిస్సోరీ మీద అలాంటి అయిదో ప్రయత్నమే దక్కింది. 33-31తో గెలిచిన కొలరాడో దాన్ని వదులుకోలేదు. ఆ ఏడాది జాతీయ ఛాంపియన్ హోదాను జార్జియా టెక్‌తో పంచుకుంది.

రీప్లేను మొదట ప్రయోగాత్మకంగా తెచ్చింది బిగ్ టెన్ కాన్ఫరెన్స్, 2004లో. మరుసటి ఏడాది మిగతా పెద్ద కాన్ఫరెన్సులు అందుకున్నాయి. 2006లో కాలేజీ క్రీడల పాలకసంస్థ ఎన్‌సీఏఏ అందరికీ ఒకే నియమం రాసింది. ఆ నియమానికి ఆయువుపట్టు ఒక్కటే: మైదానంలో ఇచ్చిన తీర్పును సరైనదిగానే భావించాలి, తిరుగులేని దృశ్యసాక్ష్యం ఉంటేనే మార్చాలి. క్రికెట్‌లో 'అంపైర్స్ కాల్' తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు. సందేహం మిగిలితే మొదటి మాటే చెల్లుతుంది. ఇందులో న్యాయం ఉంది. అయితే సాక్ష్యం ఎప్పుడు తిరుగులేనిదవుతుందో కొలిచే బద్ద ఏదీ లేదు. వివాదాలన్నీ పుట్టేది అక్కడే.

రీప్లే ఎప్పుడూ తప్పే చేసిందంటే అన్యాయం. 2009 బిగ్ 12 ఫైనల్లో టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ కోల్ట్ మెకాయ్ గడియారం ఆగాలని బంతిని హద్దు బయటికి విసిరాడు. అంతలో గడియారం సున్నాకు చేరింది. నెబ్రాస్కా గెలిచామనుకుంది. రీప్లే చూసి ఒక్క సెకను వెనక్కి ఇచ్చారు. ఆ సెకనుతోనే 46 గజాల ఫీల్డ్ గోల్ కొట్టి టెక్సస్ 13-12తో గెలిచింది. నెబ్రాస్కా అభిమానులు ఇప్పటికీ దాన్ని దోపిడీగానే చెప్పుకుంటారు. నా దృష్టిలో అది సరైన తీర్పు: బంతి హద్దు బయట తగిలేసరికి ఆ సెకను మిగిలే ఉంది.

2015 అక్టోబరు 31 నాటి డ్యూక్-మయామి మ్యాచ్‌ను మాత్రం సమర్థించడం నా వల్ల కాదు. ఆరు సెకన్లు ఉండగా డ్యూక్ 27-24తో ముందుకెళ్లింది. ఆఖరి కిక్‌ను అందుకున్న మయామి ఆటగాళ్లు ఎనిమిదిసార్లు చేతులు మార్చి టచ్‌డౌన్ చేశారు. మధ్యలో ఒకరి మోకాలు నేలకు ఆనింది. అక్కడితో ఆట ముగియాలి. రీప్లే దాదాపు తొమ్మిది నిమిషాలు నడిచింది, అయినా టచ్‌డౌన్ చెల్లింది. తీర్పు తప్పని మర్నాడు ఆ జట్ల కాన్ఫరెన్స్ ఏసీసీ ప్రకటించి, రీప్లే అధికారితో సహా అందరినీ రెండు మ్యాచ్‌లకు సస్పెండ్ చేసింది. ఫలితం మాత్రం 30-27గానే ఉండిపోయింది. ఆట అయిపోయిందని రిఫరీ ప్రకటించాక స్కోరును ఎవరూ తాకలేరని నియమం. శిక్ష అధికారులకు పడింది, నష్టం డ్యూక్ మోసింది.

2016లో సమీక్షలు ఒక్క అధికారి భుజాల మీదే పడకుండా కాన్ఫరెన్స్ కేంద్రాల నుంచి సాయం అందేలా ఏర్పాటు జరిగింది. ఎస్ఈసీ కాన్ఫరెన్స్ బర్మింగ్‌హామ్‌లోని తన కార్యాలయం నుంచే చూడటం మొదలుపెట్టింది. మంచి మార్పే, కానీ గొడవలు ఆగలేదు. 2019 డిసెంబరులో ఫియెస్టా బౌల్‌లో ఒహాయో స్టేట్ చేజారిన బంతిని (ఫంబుల్‌ను) ఎత్తుకెళ్లి చేసిన టచ్‌డౌన్‌ను రీప్లే రద్దు చేసింది. క్లెమ్సన్ ఆటగాడు అసలు బంతిని పట్టనే లేదని తేల్చింది. అతను బంతితో వేసిన అడుగులు చూసినవాళ్లకు అది ఇప్పటికీ మింగుడుపడదు. క్లెమ్సన్ 29-23తో గెలిచింది. 2024 సెప్టెంబరులో వర్జీనియా టెక్ ఆఖరి పాస్‌తో చేసిన టచ్‌డౌన్‌ను సుదీర్ఘంగా పరిశీలించి కొట్టేశారు. మయామి 38-34తో బయటపడింది. ఒక గుంపు చేతుల్లో నలిగిన బంతిని హద్దు బయట ఉన్న ఆటగాడు తాకాడా లేదా అన్నది ఎన్ని కోణాల్లో చూసినా నాకు తిరుగులేనిదిగా కనిపించదు.

ఇన్నేళ్లలో కెమెరాలు పెరిగాయి, గదులు మారాయి, అధికారులు పెరిగారు. ఏ కోణం చూసి, ఏ కారణంతో తేల్చారన్నది మాత్రం బయటికి రాలేదు. 2025 సీజన్‌లో ఏసీసీ ఆ పని మొదలుపెట్టింది: కొన్ని మ్యాచ్‌లలో సమీక్ష గదిలోని సంభాషణను టీవీ ప్రేక్షకులకు నేరుగా వినిపించింది. తప్పులు దీనితో పోవు. అయినా ఓడిన జట్టు కుర్రవాళ్లకు తమ ఓటమికి కారణం చెప్పించుకునే హక్కుంది. మిగతా కాన్ఫరెన్సులూ వెంటనే ఆ తలుపు తెరవాలి.