నీటి అడుగున ఊపిరి పంచుకునే గొట్టం... ఏ అమరిక మేలు?

విశాఖపట్నం: సముద్రం అడుగున డైవరు సిలిండరులో గాలి నిండుకుంటే అతడిని ఆదుకోవలసింది పక్కనున్న తోటి డైవరే. స్కూబా డైవింగులో ఇద్దరిద్దరుగా దిగాలన్న నియమం పెట్టింది ప్రధానంగా ఇందుకే. అయితే గాలి అందించే గొట్టం పొడవు ఎంత ఉండాలి, ఏ మౌత్‌పీసును ఇవ్వాలి అన్న విషయాన్ని రుషికొండ తీరంలోనో, అండమాన్ దీవుల్లోనో శిక్షణకు వెళ్లే కొత్తవారు అంతగా పట్టించుకోరు.

వ్యవధి ఎంత తక్కువో చిన్న లెక్కతో తెలుస్తుంది. 12 లీటర్ల సిలిండరులో 50 బార్ల పీడనం మిగిలితే ఉన్న గాలి 600 లీటర్లు. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 20 మీటర్ల లోతున 60 లీటర్లు కావాలి. ఇద్దరికి 120. అంటే 5 నిమిషాల్లో సిలిండరు ఖాళీ. భయంతో వగర్చేవారికి అంతసేపు కూడా రాదు. నిమిషానికి 9 మీటర్ల వేగంతో పైకి చేరడానికే 2 నిమిషాలు దాటుతుంది.

అందరూ వాడే అమరిక
శిక్షణ కేంద్రాల్లో అద్దెకిచ్చే పరికరాల్లో సాధారణంగా రెండు మౌత్‌పీసులుంటాయి. నోటిలో ఉండేదాని గొట్టం 70 నుంచి 75 సెంటీమీటర్లు. అత్యవసరానికి ఉంచే రెండోదాన్ని ఆక్టోపస్ అంటారు. సులువుగా కనిపించేలా పసుపు రంగులో, సుమారు మీటరు గొట్టంతో ఉంటుంది. గడ్డానికీ పక్కటెముకల చివరకూ నడుమ ఛాతీపై తగిలించాలి. క్లిప్పు ఊడితే ఇది ఇసుకలో ఈడ్చుకుపోతుంది. అవసరానికి చేతికందదు, అందినా లోపల ఇసుక చేరి ఉండవచ్చు. పైగా ఊపిరాడని మనిషి పసుపు రంగును వెతకడు. ఎదుటివాని నోటిలోనిదే లాక్కుంటాడు. అది పనిచేస్తున్నదని కళ్లకు కనిపిస్తుంది కదా!

గుహల నుంచి వచ్చిన పద్ధతి
ఈ స్వభావాన్నే ఆధారం చేసుకున్న అమరిక అమెరికాలోని ఫ్లోరిడా జలగుహల డైవర్లది. విలియం హోగార్త్ మెయిన్ పేరుమీదుగా దీన్ని హోగార్తియన్ అంటారు. నోటిలోని మౌత్‌పీసునే తోటివానికి ఇచ్చి, మెడకు రబ్బరు తాడుతో వేలాడే రెండోదాన్ని తాను అందుకోవాలి. ఇచ్చే గొట్టం 7 అడుగులు, అంటే 2.1 మీటర్లు. ఇరుకు సొరంగంలో ఒకరి వెనుక ఒకరు ఈదాలంటే అంత పొడవు తప్పదు. గొట్టాన్ని కుడి నడుము పక్కగా దించి, ఛాతీ మీదుగా తెచ్చి, మెడ చుట్టూ తిప్పుతారు. సాధన లేనివారికి ఇది చిక్కుముడే.

బహిరంగ సముద్రంలో అంత పొడవు అనవసరం. మీటరు గొట్టాన్ని కుడి చంక కిందుగా తెచ్చి, రెండో మౌత్‌పీసును మెడలో వేసుకుంటే రెండు పద్ధతుల లాభమూ దక్కుతుంది. సొంత పరికరాలు కొనుక్కునేవారికి ఇదే అనువైనది.

జాకెట్టులో గాలి నింపే గొట్టానికే అదనపు మౌత్‌పీసు అమర్చిన రకాలూ ఉన్నాయి. ఒక గొట్టం తగ్గుతుంది. కానీ దానితో శ్వాసిస్తూనే పైకి వచ్చేటప్పుడు జాకెట్టు గాలినీ వదలాలి.

దిగేముందు ఇద్దరూ ఒకరి అమరిక ఒకరికి చూపుకోవాలి. ఏది ఇస్తారో, ఎటునుంచి ఇస్తారో చెప్పుకోవాలి. రెండో మౌత్‌పీసుతోనూ నాలుగుసార్లు శ్వాసించి చూడాలి. గొట్టం లోహపు బిగింపులో కలిసేచోట రబ్బరు తొడుగు ఉంటే వెనక్కి జరిపి పగుళ్లు పరిశీలించాలి. తొడుగు చాటునే అవి దాగి ఉంటాయి.