మౌలాలి రాతి సమాధులు ఎవరివి?

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వాళ్లను మీ ప్రాంతం ఎంత పాతదని అడిగితే 1591 నాటి చార్మినార్ దగ్గర ఆగిపోతారు. పక్కనే చైతన్యపురిలో 5వ శతాబ్దపు విష్ణుకుండినుల ప్రాకృత శాసనం ఉంది. ఉప్పల్ దాటి మౌలాలి వెళితే కథ ఇనుప యుగానికి చేరుతుంది. అక్కడి రాతి సమాధుల గురించి చెప్పుకొనే రెండు కథలూ నాకు నమ్మదగ్గవిగా కనిపించవు.

మొదటిది ఊళ్ల కథ. ఇలాంటి సమాధులను మనవాళ్లు రాకాసి గుళ్లనీ, పాండవుల గుళ్లనీ అన్నారు. రెండోది దొరల కథ. నిజాం కొలువు చేసిన మెడోస్ టేలర్ షోరాపూర్ ప్రాంతంలో ఇలాంటివి తవ్వించాడు. 1860లలో రాయల్ ఐరిష్ అకాడమీ అచ్చువేసిన ఆయన వ్యాసం పేరులోనే ఇవి కెల్టిక్, డ్రూయిడ్ లేదా సిథియన్ కట్టడాలని ఉంది.

టేలర్‌ను తేలిగ్గా తీసిపారేయలేం. సమాధిని నిలువునా కోసినట్టు పొరపొరా చూపుతూ ఆయన గీసిన బొమ్మలను వందేళ్ల తర్వాత పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ మెచ్చుకున్నారు. పొరపాటు జరిగింది పోలికలో. గుండ్రంగా పేర్చిన బండలు, పలకల పెట్టె అక్కడా ఇక్కడా ఉన్నాయి కనుక కట్టిన జాతీ ఒకటేనన్నది ఆయన తర్కం. ఐర్లాండులోని న్యూగ్రేంజ్ దిబ్బనే తీసుకోండి. కెల్టిక్ గాథల్లో అది దగ్దా, అతని కొడుకు ఏంగస్‌ల నివాసం. కానీ దాన్ని కట్టింది క్రీ.పూ. 3200 ప్రాంతంలో, అక్కడివాళ్లకు ఇనుము తెలియని రోజుల్లో. కెల్టులు వచ్చింది ఎంతో తర్వాత. మన సమాధుల్లోనేమో ఇనుప పనిముట్లున్నాయి. అక్కడి దిబ్బే కెల్టులది కానప్పుడు ఇక్కడివి వాళ్లవెలా అవుతాయి?

1910లలో ఇ.హెచ్. హంట్ మౌలాలి, రాయగిరి సమాధులను పరిశీలించారు. 1914లో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖకు అధిపతి అయిన గులాం యాజ్దానీ కుండల మీది గుర్తులను పోల్చి చూశారు. ఈ సమాధుల్లోని నలుపు ఎరుపు కుండల తరహావే దక్షిణాదిన జనం కాపురమున్న చోట్ల కూడా దొరికాయి. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరి తవ్విన వీలర్ ఈ సమాధుల సంస్కృతి క్రీ.పూ. 200 నాటిదనీ, బయటి నుంచి వచ్చిందనీ అన్నారు. తర్వాతి రేడియోకార్బన్ లెక్కలు దాన్ని క్రీ.పూ. 1000 దాకా వెనక్కి జరిపాయి. అన్నీ ఒకే జనం కట్టారని నేనూ అనను. జానంపేట, దామెరవాయిల్లో పలకలతో గదుల్లా కట్టిన డోల్మెన్ల తీరు వేరు, ముడుమల్ నిలువురాళ్ల తీరు వేరు. కానీ ఇవి ఈ నేల మీద బతికిన మనుషులు తమ చనిపోయినవాళ్ల కోసం మోసి పేర్చిన రాళ్లేనని నా నమ్మకం. రాక్షసులన్నా కెల్టులన్నా ఆ చాకిరీ వాళ్లది కాకుండా పోతుంది.

2025లో ముడుమల్ యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కడం మంచి మాటే. నగరం మాత్రం తన సమాధులను కాపాడుకోలేదు. మౌలాలి, హష్మత్‌పేట చుట్టూ ఇళ్లు కమ్ముకొచ్చాయి. రక్షిత స్థలమని బోర్డు పెట్టినంత మాత్రాన రాయి నిలవదు.

నగరం చుట్టుపక్కల ప్లాటు చదును చేస్తుంటే గుండ్రంగా పేర్చిన బండలు కనిపించాయా? జేసీబీ ఆపించి, ముందు పురావస్తు శాఖకు చెప్పండి.