మార్మైట్ సీసా – మన తోటకూర కట్ట



దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వైపు ఇప్పుడు ఏ వీధిలో చూసినా అబ్బాయినో అమ్మాయినో లండన్‌కో మెల్‌బోర్న్‌కో చదువులకు పంపిన ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. ఆ పిల్లలు సెలవులకు వచ్చేటప్పుడు పెట్టెలో చాక్లెట్లతోపాటు ఒక్కోసారి పొట్టిపాటి నల్లని సీసా ఒకటి తెస్తారు. మూత తీస్తే లోపల ముదురు బెల్లంపాకం లాంటి ముద్ద. తియ్యగా ఉంటుంది కాబోలనుకుని వేలితో నాకామా, ఇక చూడండి, నాలుక చుర్రుమనేంత ఉప్పు! "ఇదేం తిండే తల్లీ!" అని సీసాను అటకెక్కించేస్తాం. ఇంగ్లండువాళ్లు చేసేదాన్ని మార్మైట్ అంటారు. ఆస్ట్రేలియావాళ్ల వెజిమైట్ కూడా ఇలాంటిదే.

ఈ ముద్దను వంటలో ఎలా వాడుకోవాలో చెబుతాను. అంతకన్నా ముందు దాని కథ చెప్పాలి. ఎందుకంటే, ఈ ఉప్పటి ముద్దకీ, కడుపుతో ఉన్న మన దేశపు తల్లులకీ, భీమవరంలో పుట్టిన ఒక తెలుగు శాస్త్రవేత్తకీ, మన తార్నాకకీ చుట్టరికం ఉంది.

బీరు కాచేచోట పీపాల అడుగున ఈస్ట్ మడ్డి మిగిలిపోతుంది. ఇడ్లీ పిండిని పులియబెట్టే సూక్ష్మజీవుల్లాగే ఈస్ట్ కూడా ఒక జీవి. ఆ మడ్డిని పారబొయ్యకుండా, సారం తీసి చిక్కబరిచి తినవచ్చునని పంతొమ్మిదో శతాబ్దంలో లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త కనిపెట్టాడు. 1902లో ఇంగ్లండులోని బర్టన్ అనే ఊళ్లో, బీరు కార్ఖానాల పక్కనే, మార్మైట్ కంపెనీ వెలిసింది. ఈస్ట్‌కు ఉప్పు చేర్చి, దాని కణాలు వాటంతటవే కరిగేలా చేసి, పొట్టు వడకట్టి, మిగిలిన రసాన్ని దగ్గరకు కాస్తారు. ఫ్రెంచివాళ్లు మూతపెట్టి వండే కుండను 'మార్మీట్' అంటారు. సీసా మీద బొమ్మ ఆ కుండదే. మెల్‌బోర్న్‌లో వెజిమైట్ 1923లో బజారుకు వచ్చింది.

అప్పుడప్పుడే విటమిన్ల సంగతి లోకానికి తెలుస్తున్న రోజులవి. మిల్లుబియ్యం తినేవాళ్లకు కాళ్లు చచ్చుబడి, ఒళ్లు వాచే బెరిబెరి జబ్బు వచ్చేది. మన ఉత్తర సర్కారు జిల్లాల్లో ఈ జబ్బు ఎంతోమందిని బాధపెట్టింది. దీన్ని పరిశోధించడానికి 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒకే ఒక్క గదిలో, మెక్‌కారిసన్ అనే డాక్టరు పని మొదలుపెట్టాడు. ఆ గదిని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరకు వస్తాం. ఈస్ట్‌లో బి విటమిన్లు పుష్కలంగా ఉంటాయి కనుక మొదటి ప్రపంచయుద్ధంలో బెరిబెరి రాకుండా సైనికులకు మార్మైట్ పెట్టారు. సైనికులకు పనికొచ్చింది సరే, మరి ఆడవాళ్ల మాటేమిటి?

ఆ రోజుల్లో బొంబాయిలో గర్భిణీ స్త్రీలు రక్తం తగ్గిపోయి, పాలిపోయి, కాన్పుకు ముందో తర్వాతో చనిపోతుండేవారు. కారణం కనిపెట్టడానికి 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు లేడీ డాక్టరు వచ్చింది. 1888లో పుట్టిన ఈమె హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, ముందుగా ఏ ఇంట్లో ఆడవాళ్లు ఏం తింటున్నారో కనుక్కుంది. బీద ముస్లిం స్త్రీల తిండి అందరికన్నా నాసిగా ఉంది, ఈ రక్తహీనత కూడా వాళ్లకే ఎక్కువగా ఉంది. జబ్బు క్రిముల వల్ల కాదు, కంచంలో ఏదో లోపించడం వల్ల వస్తోందని ఆమెకు అనుమానం కలిగింది.

ఆ లోపించేదేమిటి? 'ఏ' విటమిన్ ఇచ్చింది, 'సి' విటమిన్ ఇచ్చింది. గుణం కనిపించలేదు. చివరకు మార్మైట్ ఇచ్చింది. పాలిపోయిన తల్లుల్లో కొద్దిరోజులకే కొత్త రక్తం పట్టడం మొదలయింది. ఆహారలోపంతో రక్తం తగ్గిన కోతులు కూడా దానితో కోలుకున్నాయి. ఆమె కూనూరులోనూ, మద్రాసులోని కాస్ట్ అండ్ గోషా ఆస్పత్రిలోనూ పనిచేసింది. గోషా స్త్రీల కోసం వెలిసిన ఆ ఆస్పత్రే ట్రిప్లికేన్‌లోని నేటి కస్తూర్బా గాంధీ ఆస్పత్రి. ఈస్ట్ సారం ఈ రక్తహీనతను నయం చేస్తుందని 1931లో బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రకటించింది. అప్పటికి రక్తహీనతకు పేరుపొందిన వైద్యం కాలేయం తినిపించడం. అది ఖరీదు, పైగా మాంసం ముట్టనివాళ్లకు చెల్లదు. ఈ ముద్ద చవక, అందులో మాంసం అంటు లేదు.

అయితే ఆ ముద్దలో పనిచేసిన పదార్థం ఏమిటో ఆమెకు అప్పట్లో దొరకలేదు. లోకం దాన్ని 'విల్స్ ఫాక్టర్' అని పిలిచింది. 1941లో అమెరికాలోని టెక్సస్‌లో శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూరను నూరి, వడకట్టి, అందులోంచి చిటికెడంత పదార్థం తీశారు. లాటిన్‌లో ఆకును 'ఫోలియం' అంటారు. ఆకులోంచి వచ్చింది కనుక దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరుపెట్టారు. మార్మైట్‌లో తల్లులను కాపాడింది కూడా ఈ జాతి విటమినేనని తర్వాత తేలింది. చూశారా, సీమ సీసాలో వెతికిన మందు మన పెరటి ఆకుల్లో ఉంది!

కాని అందరికీ మందుగా ఇవ్వాలంటే ఎన్ని టన్నుల కూర నూరగలం? అక్కడే మన తెలుగాయన వస్తారు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లారు. తిన్నది ఒంటబట్టనివ్వక మనిషిని నీరసింపజేసి రక్తం హరించే స్ప్రూ అనే జబ్బుకు ఆయన తోడబుట్టినవాడు బలయ్యాడు. తానూ అదే జబ్బుతో బాధపడి బతికారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరి, అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించారు. ఆయన నాయకత్వంలోని శాస్త్రవేత్తలు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలోనే తయారుచేశారు. స్ప్రూకూ, గర్భిణుల రక్తహీనతకూ మాత్ర దొరికింది. సుబ్బారావుగారు 1948లో, 53వ ఏట కన్నుమూశారు.

ఇక కూనూరులోని ఆ గది సంగతి. అదే పెరిగి పెద్దదై, న్యూట్రిషన్ రిసెర్చ్ లాబొరేటరీస్ అనే పేరుతో 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుంచి అది జాతీయ పోషకాహార సంస్థ. దిల్‌సుఖ్‌నగర్‌కు ఏమంత దూరం కాని తార్నాకలోనే ఉంది. మనం ఏం తింటే మంచిదో దేశానికంతటికీ చెప్పేది ఈ సంస్థే.

సరే, సీసాను అటకమీంచి దించుదాం. మార్మైట్‌లో సుమారు పదోవంతు ఉప్పే. అందుకని దీన్ని జాములాగా దట్టంగా పులమకూడదు. వేడి రొట్టెకు ముందు వెన్న రాసి, పైన చెంచా కొసతో పల్చగా రాయాలి. సింహళంవాళ్లు వేడినీళ్లలో కలిపి, నిమ్మరసం పిండుకుని తాగుతారు. మనం కాసిని మిరియాలు చేర్చుకుంటే చారులాగే ఉంటుంది. పుట్టగొడుగుల కూరలో, టమాటా గ్రేవీలో, కూరగాయల పులావులో పావు చెంచా వేస్తే మాంసం వెయ్యకుండానే ఆ కమ్మదనం వస్తుంది. నేరుగా వేస్తే ముద్దకడుతుంది కనుక రెండు చెంచాల వేడినీళ్లలో కరిగించి, దించబోయే ముందు పొయ్యండి. కూరలో ఉప్పు సగానికి సగం తగ్గించి, రుచి చూశాకే కావలిస్తే చేర్చండి. బి.పి. ఉన్నవాళ్లు దూరంగా ఉంటేనే మేలు. పసిపిల్లలకు వద్దు.

సీసా లేదని ఎవరూ బెంగపడనక్కర్లేదు. సరూర్‌నగర్ రైతుబజారులో ఆకుకూరల వరస ఉండనే ఉంది. పాలకూర, తోటకూర, మెంతికూర, ఇంట్లో పెసలు, శనగలు, బొబ్బర్లు – అన్నిటిలోనూ ఫోలేట్ ఉంది. కాకపోతే అది నీళ్లలో కరిగిపోతుంది, వేడికి చెడుతుంది. అందుచేత ఆకును ముందు కడిగి తర్వాత తరగండి. కొద్దినీళ్లతో, మూతపెట్టి, మగ్గగానే దించండి. ఉడికించిన నీళ్లు పారబొయ్యకుండా పప్పులోనో చారులోనో కలపండి.

అయినా గర్భిణికి కూర ఒక్కటే చాలదు. పిండంలో వెన్నుపాము గొట్టం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే మూసుకుంటుంది. నెలతప్పిందని మనకు రూఢి అయ్యేసరికే ఆ పని సగానికి పైగా అయిపోతుంది. ఇదివరకు వెన్ను లోపంతో బిడ్డను కన్న తల్లులకు గర్భానికి ముందునుంచే ఫోలిక్ ఆమ్లం ఇస్తే, ఆ లోపం మళ్లీ రావడం దాదాపు ముప్పావువంతు తగ్గిందని 1991లో ఒక పెద్ద బ్రిటిష్ పరిశోధన తేల్చింది. అందుకే బిడ్డను కోరుకునే అమ్మాయి ముందే డాక్టరును అడిగి ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టాలి. నాలుగోనెల నుంచి ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇచ్చే ఎర్రమాత్రలో ఇనుము 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లం అర మిల్లీగ్రాము ఉంటాయి. రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. వికారంగా ఉందని డబ్బాలో దాచెయ్యకండి. టీతో మింగకండి, ఇనుము ఒంటబట్టదు.

ఇంకొక్క మాట. రక్తహీనతలన్నీ ఒకటి కాదు. ఇనుము తగ్గినా వస్తుంది, బి12 తగ్గినా వస్తుంది. బి12 లోటున్నవాళ్లు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడితే రక్తం బాగుపడినట్టు కనిపించినా, లోపల నరాలు దెబ్బతినవచ్చు. శాకాహారులు ఇది మరీ గుర్తుంచుకోవాలి. కనుక రక్తం పరీక్ష చేయించుకోకుండా సొంతవైద్యం వద్దు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనతే. విల్స్ వచ్చిన నాడు మందేమిటో ఎవరికీ తెలియదు. ఈనాడు మాత్ర ఉచితంగా ఇస్తున్నారు, కూర వీధి చివర దొరుకుతోంది. లోపమల్లా ఎక్కడుందంటే, మన ఇళ్లలో అందరికీ వడ్డించాక అడుగూబొడుగూ తినేది ఇల్లాలు. అప్పటికి పప్పు గిన్నె ఖాళీ, కూర గిన్నె ఖాళీ, మిగిలేది పచ్చడీ మజ్జిగా. రేపటినుంచి తోటకూర పప్పు దించగానే మీ వంతు ఒక గిన్నెలో విడిగా తీసిపెట్టుకోండి. ఇంట్లో కోడలో కూతురో కడుపుతో ఉంటే ఆమె వంతు మీదానికన్నా ముందు తియ్యండి.

సెలవు.