హోసూరు దాకా బెంగళూరు నురుగు

• బెళ్లందూరు చెరువులో పేరుకున్న మురుగే మూలం
• దిగువ రైతుల పొలాలకు ఆ నీరే ఆధారం

హోసూరు: వాన పడితే ఆయకట్టు రైతు సంబరపడతాడు. తమిళనాడులోని హోసూరు చెంత కెలవరపల్లి జలాశయం కింద మాత్రం వానతోపాటే దిగులూ వస్తోంది. ఎగువన బెంగళూరులో భారీ వర్షాలు కురిసినప్పుడు జలాశయం గేట్ల దిగువన తెల్లని నురుగు గుట్టలు కడుతోంది. 2024 అక్టోబరులో అది రహదారిపైకి చేరి రాకపోకలకు ఆటంకం కలిగించింది.

నంది కొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని బెంగళూరుకు తూర్పుగా ప్రవహిస్తూ తమిళనాడులోకి ప్రవేశిస్తుంది. అక్కడ దానిని పొన్నైయార్ అంటారు. దాదాపు 900 ఎకరాల బెళ్లందూరు చెరువు నీరు వర్తూరు చెరువు మీదుగా ఈ నదిలోనే కలుస్తుంది. దశాబ్దాల తరబడి నగర మురుగులో పెద్దభాగం బెళ్లందూరుకు చేరడంతో నదికీ ఆ కాలుష్యం తప్పలేదు.

నురుగు ఎందుకు?

ఇళ్లలో వాడే డిటర్జెంట్లు మురుగుతో కలసి చెరువుకు చేరుతాయి. అవి నీటి తలతన్యతను తగ్గిస్తాయి. అందువల్ల నీరు ఎత్తు నుంచి దూకినప్పుడు గాలి చిక్కుకుని బుడగలు ఏర్పడతాయి. మామూలుగా ఇవి త్వరగా పగిలిపోవాలి. అయితే నీటిలోని సన్నని మట్టి రేణువులు, బ్యాక్టీరియా బుడగలను పట్టి ఉంచడంతో నురుగు గంటల తరబడి నిలుస్తుంది.

వాన నీరు చేరితే మురుగు పలుచబడి నురుగు తగ్గాలి కదా అన్న సందేహం సహజం. దీనికి భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2021లో వెలువరించిన అధ్యయనం సమాధానం చెప్పింది. డిటర్జెంట్లలో కొంతభాగం అడుగున ఉన్న బురదకు అంటుకుని పేరుకుంటుంది. భారీ వాన బురదను కదిలించగానే అది మళ్లీ నీటిలోకి విడుదలవుతుంది. అంటే నేటి నురుగులో ఏనాటి మురుగో దాగి ఉంటుంది.

నిప్పు రేగిన చెరువు

2015 మేలో బెళ్లందూరు నురుగుకు మంటలు అంటుకోవడంతో దేశం దృష్టి ఇటు మళ్లింది. 2017 ఫిబ్రవరిలో చెరువులో మళ్లీ పొగలు ఎగశాయి. 2018 జనవరిలో రేగిన మంటలను ఆర్పేందుకు అగ్నిమాపక సిబ్బందితోపాటు వేలాది సైనికులు శ్రమించారు.

జాతీయ హరిత ట్రిబ్యునల్ 2018 డిసెంబరులో కర్ణాటక ప్రభుత్వానికి రూ.50 కోట్లు, నాటి బృహత్ బెంగళూరు మహానగర పాలికెకు రూ.25 కోట్లు జరిమానా విధించింది. చెరువుల పునరుద్ధరణకు రూ.500 కోట్లు ప్రత్యేక ఖాతాలో ఉంచాలని ఆదేశించింది. అనంతరం బెంగళూరు అభివృద్ధి ప్రాధికార సంస్థ పూడికతీత చేపట్టింది.

నీళ్లు చిమ్మితే నురుగు అణుగుతుంది. వలలు కడితే రోడ్డెక్కకుండా ఆగుతుంది. కానీ నీరు శుభ్రపడదు. బురదను తొలగించడం, శుద్ధి చేయని మురుగును చెరువుకు చేరకుండా ఆపడం రెండూ జరగాలి. ఒకటి చేసి రెండోది వదిలితే చెరువు అడుగున మళ్లీ పూడిక చేరుతుంది.

నగరవాసికి నురుగు దుర్వాసన, ట్రాఫిక్ ఇబ్బంది. దిగువ రైతుకు అది పైరుకు పెట్టే నీరు. చెరువు కర్ణాటకది, పొలం తమిళనాడుది. కెలవరపల్లి రైతు గేటు తెరిచి నీరు మళ్లించుకోగలడే గానీ, ఎగువన కాలువలో ఏం కలుస్తోందో ఆపలేడు.